ఏసీసీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్: 14 ఓడిన జట్టు లోపలికి, 28 గెలిచిన జట్టు బయటికి ఎలా వెళ్ళాయి?

మీరు అడిగింది టూకీగా ఇదీ: ఏసీసీలో (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, అమెరికా కాలేజీ జట్ల లీగుల్లో ఒకటి) రెగ్యులర్ సీజన్‌లో పట్టిక పైన ఎవరున్నారో తేలిపోయాక, మార్చిలో మళ్ళీ అందరూ కలిసి నాకౌట్ ఆడటం దేనికి? 2024లో 14 మ్యాచ్‌లు ఓడిన నార్త్ కరోలినా స్టేట్ (ఎన్‌సీ స్టేట్) జట్టుకి జాతీయ టోర్నమెంట్‌లో చోటు దొరికి, 28 గెలిచిన ఇండియానా స్టేట్‌కి దొరక్కపోవడం ఏం లెక్క? మీ అబ్బాయి రాలీలో ఎన్‌సీ స్టేట్‌లోనే చదువుతున్నాడు కాబట్టి షార్లట్‌లో చూడాలంటే ఏ రోజు టికెట్ కొనాలి? పురుషుల టోర్నీ గురించే అడిగారు కనుక అక్కడికే పరిమితమవుతాను.

అసలు లెక్క బెర్త్‌ది, అంటే జాతీయ టోర్నీలో చోటుది. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) జాతీయ టోర్నమెంట్‌లో 2025లో ఆడినవి 68 జట్లు. అందులో 31 బెర్త్‌లు 31 కాన్ఫరెన్స్‌ల చాంపియన్లకి నేరుగా వెళ్ళాయి. మిగిలిన 37 బెర్త్‌లకి 12 మంది సభ్యుల కమిటీ కూర్చుని జట్లను ఎంపిక చేసింది. నేరుగా వచ్చే బెర్త్‌ని ఎవరికివ్వాలన్నది ఆ కాన్ఫరెన్స్ ఇష్టం. ఇప్పుడు అన్ని కాన్ఫరెన్స్‌లూ దాన్ని మార్చిలో జరిగే తమ టోర్నీ విజేతకే ఇస్తున్నాయి. పట్టికలో మొదటి జట్టుకే ఇస్తూ చివరిదాకా నిలబడింది ఐవీ లీగ్. అది కూడా 2017లో టోర్నీ మొదలుపెట్టింది, కాకపోతే నాలుగు జట్లనే ఆడిస్తుంది.

కాబట్టి బ్రాకెట్ (ఎవరు ఎవరితో ఆడాలో చూపే నాకౌట్ పట్టిక) చేతికి రాగానే ఒక్కో జట్టు పక్కన, ఈ టోర్నీ నుంచి దానికి కావలసిందేమిటో రాసుకోండి. ట్రోఫీ అందరికీ ఒక్కటే, అవసరం మాత్రం జట్టు జట్టుకీ వేరు. డ్యూక్ లాంటి బలమైన జట్టుకి బెర్త్ ఎలాగూ ఖాయం, దానికి కావలసింది జాతీయ టోర్నీలో పై సీడు (బ్రాకెట్‌లో జట్టుకిచ్చే వరస సంఖ్య). మధ్యలో ఊగిసలాడే జట్టుకి కమిటీ ముందు చూపించుకోవడానికి ఒకటో రెండో మంచి విజయాలు కావాలి. అడుగునున్న జట్టుకి అన్ని మ్యాచ్‌లూ గెలవడం తప్ప దారి లేదు. ఈ మూడూ ఒకే కోర్టులో ఎదురుపడతాయి కనుకే ఆట అంత వేడెక్కుతుంది.

ఏసీసీ మొదటి టోర్నీ 1954లో మీ అబ్బాయి క్యాంపస్‌లోనే, రేనాల్డ్స్ కొలీజియంలో జరిగింది. ఎవరెట్ కేస్ కోచ్‌గా ఉన్న ఎన్‌సీ స్టేట్ ఓవర్‌టైమ్‌లో వేక్ ఫారెస్ట్‌ని 82-80తో ఓడించి గెలిచింది. ఆ రోజుల్లో కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టే జాతీయ టోర్నీకి వెళ్ళేది. ఆ పద్ధతి ఎంత కఠినమో 1974 ఫైనల్లో బయటపడింది. దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న ఎన్‌సీ స్టేట్, నాలుగో ర్యాంకులో ఉన్న మేరీల్యాండ్ గ్రీన్స్‌బరోలో తలపడితే ఎన్‌సీ స్టేట్ ఓవర్‌టైమ్‌లో 103-100తో గెలిచి, ఆ ఏడాది జాతీయ చాంపియన్ కూడా అయింది. ఆ ఒక్క ఓటమితో మేరీల్యాండ్‌కి జాతీయ టోర్నీ తలుపు మూసుకుపోయింది. మరుసటి ఏడాదే ఎన్‌సీఏఏ జట్ల సంఖ్యని 25 నుంచి 32కి పెంచి, చాంపియన్ కాని జట్లకీ చోటిచ్చింది. ఇప్పుడున్న ఎంపిక బెర్త్‌ల వ్యవస్థకి పునాది అదే.

ఇక బ్రాకెట్ సంగతి. ఏసీసీలో ఇప్పుడు 18 జట్లున్నాయి. 2025 నుంచి పట్టికలో మొదటి 15 మాత్రమే టోర్నీకి వస్తున్నాయి. 2024లో కప్పు ఎత్తిన ఎన్‌సీ స్టేట్ 2025లో ఆ 15లో కూడా లేదు. టికెట్ కొనేముందు మన జట్టు అర్హత సాధించిందో లేదో చూసుకోమని చెప్పడం అందుకే.

మంగళవారం మూడు మ్యాచ్‌లు: 12-13, 10-15, 11-14 సీడ్ల మధ్య. బుధవారం నాలుగు: 8-9 సీడ్లు ఒకదానితో ఒకటి ఆడతాయి, 5, 6, 7 సీడ్లు మంగళవారం గెలిచిన జట్లతో ఆడతాయి. మొదటి నాలుగు సీడ్లు గురువారం క్వార్టర్‌ఫైనల్స్‌లోనే కోర్టులోకి దిగుతాయి, దీన్నే డబుల్ బై అంటారు. శుక్రవారం సెమీస్, శనివారం రాత్రి ఫైనల్. 1 నుంచి 4 సీడ్లకి మూడు గెలిస్తే టైటిల్, 5 నుంచి 9కి నాలుగు గెలవాలి, 10 నుంచి 15కి ఐదు. ప్రతి మ్యాచ్‌లోనూ నూటికి 70 పాళ్ళు గెలిచే సత్తా ఉన్న జట్టుని తీసుకోండి. మూడు వరుసగా గెలవడానికి దానికున్న అవకాశం 34 శాతం, నాలుగైతే 24, ఐదైతే 17. అదే జట్టు, అదే సత్తా. సీడు ఒక్కటే మారింది. ఫిబ్రవరి చివర్లో నాలుగో స్థానం కోసం జట్లు అంతగా కొట్టుకునేది ఇందుకే.

2025లో వేక్ ఫారెస్ట్, నార్త్ కరోలినా (ఇది ఎన్‌సీ స్టేట్ కాదు, వేరే కాలేజీ), ఎస్‌ఎమ్‌యూ మూడూ 13-7 దగ్గర, అంటే 13 గెలుపులు, 7 ఓటములతో ఆగాయి. నాలుగో సీడు ఒక్కరికే. ఇలా సమానమైనప్పుడు మొదట ఆ జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌ల ఫలితం చూస్తారు. అదీ తేలకపోతే పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టు మీద ఎవరెలా ఆడారో చూస్తారు, తరవాత రెండో స్థానం మీద, అలా కిందికి దిగుతారు. ఏదీ తేల్చకపోతేనే చీటీ. మూడు నాలుగు జట్లు సమానంగా ఉంటే వాటి మధ్య జరిగిన మ్యాచ్‌లన్నీ ఒక చిన్న పట్టికగా వేస్తారు. కాన్ఫరెన్స్ మ్యాచ్‌లే లెక్క, నవంబరు, డిసెంబరులో బయటి జట్లతో ఆడినవి ఇక్కడ పనికిరావు. ఆ ఏడాది జనవరిలో వేక్ ఫారెస్ట్ నార్త్ కరోలినాని 67-66తో ఓడించింది. ఆ ఒక్క పాయింటు మార్చిలో డబుల్ బై అయింది. నార్త్ కరోలినా బుధవారం కూడా ఆడాల్సి వచ్చి నోటర్ డేమ్‌ని 76-56తో దాటింది. మరునాడు ఎదురైంది వేక్ ఫారెస్టే. దాన్నీ 68-59తో ఓడించింది.

పట్టికని పూర్తిగా నమ్మవద్దు కూడా. 2024-25లో ఒక్కో జట్టూ 20 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లాడింది. మూడు ప్రత్యర్థులతో రెండేసి సార్లు, మిగిలిన 14తో ఒక్కోసారి. ఆ మూడింటిలో బలమైనవి పడితే ఒక లెక్క, బలహీనమైనవి పడితే ఇంకో లెక్క. 6, 9 సీడ్ల మధ్య తేడా చాలాసార్లు సత్తాది కాదు, షెడ్యూలుది. బ్రాకెట్ మీద అంచనాలు వేసేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

రోజూ ఆడటం అన్నది టీవీలో చూసేవారికి తేలిగ్గా కనిపిస్తుంది. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే జట్టు పంచుకోవాల్సింది 200 నిమిషాలు. ఎనిమిది మందిని తిప్పే కోచ్‌కి తలకి సగటున 25 నిమిషాలు పడుతుంది. కానీ ప్రధాన గార్డులు (బంతిని నడిపించే ఆటగాళ్ళు) 35 దాకా ఆడతారు, ఐదు రోజులైతే 175 నిమిషాలు. అలసట ముందు కాళ్ళలో తెలుస్తుంది. జంప్ షాట్లు రిమ్ ముందంచుకి తగిలి పడిపోతుంటాయి, అంటే బంతికి ఎత్తు చాలడం లేదన్నమాట. తరవాత డిఫెన్స్‌కి వెనక్కి పరిగెత్తడంలో ఒక అడుగు ఆలస్యం. ఆ తరవాత కాళ్ళు కదలక చేతులు చాపడం మొదలవుతుంది, అవి ఫౌళ్ళవుతాయి. మూడో రోజు నుంచి ఒక జట్టు ఫౌళ్ళ సంఖ్య రెండో అర్ధభాగంలో ఎలా పెరుగుతోందో చూడండి, ఎవరి ఒంట్లో శక్తి మిగిలిందో స్కోరు కంటే ముందే తెలిసిపోతుంది. ప్రాక్టీసుకి వేళ ఉండదు. హోటల్ హాల్లో నేల మీద టేపు అంటించి, నడకలోనే ఎత్తుగడలు చెప్పుకుంటారు. ఎదురుపడే అవకాశమున్న ఒక్కో ప్రత్యర్థి మీదా ఒక్కో సహాయ కోచ్ ముందే నోట్సు తయారుచేసి ఉంచుతాడు.

విరామం గంటల్లో కూడా అందరికీ సమానం కాదు. గురువారం మధ్యాహ్నం మొదటి సీడు ఉన్న వైపు క్వార్టర్స్ 12కి, 2:30కి జరుగుతాయి. వాటి విజేతలు శుక్రవారం రాత్రి 7కి ఆడతారు. 2, 3 సీడ్ల వైపు క్వార్టర్స్ రాత్రి 7కి, 9:30కి మొదలవుతాయి. వాటి విజేతల సెమీస్ శుక్రవారం 9:30కి. అంటే మ్యాచ్ మొదలైన వేళ నుంచి లెక్కేస్తే పైవైపు జట్లకి దాదాపు 28 నుంచి 31 గంటలు దొరికితే, కిందివైపు చివరి మ్యాచ్ గెలిచినవారికి 24 గంటలే. ముందు మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళితే తరవాతిది ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాటుతుంది. మొదటి సీడుకి ఉన్న లాభాల్లో ఎవరూ లెక్కేయనిది ఇది.

ఇవన్నీ తెలిశాక 2024లో ఎన్‌సీ స్టేట్ చేసిన పని విలువ అర్థమవుతుంది. రెగ్యులర్ సీజన్ 17-14తో, చివరి నాలుగు మ్యాచ్‌లూ ఓడి, పదో సీడుగా వాషింగ్టన్ వెళ్ళింది. లూయివిల్, సిరక్యూస్, డ్యూక్, వర్జీనియా, నార్త్ కరోలినా: ఐదు రోజుల్లో ఐదుగురిని ఓడించింది. ఏసీసీలో అంతకుముందు ఎవరూ చేయలేదు. సెమీస్‌లో దాదాపు పోయింది. వర్జీనియా మూడు పాయింట్ల ఆధిక్యంతో, ఐదు సెకన్ల చిల్లర మిగిలి ఉండగా ఫ్రీ త్రో లైన్ దగ్గర ఉంది. కాలేజీ నిబంధనల్లో ఒక అర్ధభాగంలో ఏడో జట్టు ఫౌల్ నుంచి వచ్చేది వన్-అండ్-వన్: మొదటిది వేస్తేనే రెండోది దొరుకుతుంది. పదో ఫౌల్ నుంచి మాత్రమే ఖాయంగా రెండు. వర్జీనియా మొదటిదే తప్పింది. ఎన్‌సీ స్టేట్ ఆటగాడు మైకేల్ ఓకానెల్ పరుగెత్తి వేసిన మూడు పాయింట్ల షాట్ బోర్డుకి తగిలి లోపల పడింది, ఓవర్‌టైమ్‌లో ఎన్‌సీ స్టేట్ 73-65తో గెలిచింది. ఫైనల్లో నార్త్ కరోలినా మీద 84-76. ఆ ఊపుతో జాతీయ టోర్నీలో 11వ సీడుగా ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్లు) దాకా వెళ్ళింది.

ఇప్పుడు ఇండియానా స్టేట్ దగ్గరికి వద్దాం. ఎన్‌సీ స్టేట్ గెలవకుండా నార్త్ కరోలినానే గెలిచి ఉంటే ఏసీసీ చాంపియన్ బెర్త్ దానికే వెళ్ళేది. అది ఎలాగూ జాతీయ టోర్నీలో ఉండే జట్టు కాబట్టి బయటివారి మీద ప్రభావం ఉండదు. ఎన్‌సీ స్టేట్ గెలవడంతో ఆ బెర్త్ అది పట్టుకుపోయింది, నార్త్ కరోలినాకి కమిటీ తన ఎంపిక బెర్త్‌లలో (2024లో అవి 36) ఒకటి ఇవ్వాల్సి వచ్చింది. అంటే ఎక్కడో అంచున నిలబడిన జట్టుకి ఒక కుర్చీ తగ్గింది. ఆ వారం ఒరెగాన్, డ్యూకేన్, యూఏబీ కూడా తమ తమ కాన్ఫరెన్స్‌లలో ఇలాగే గెలిచాయి. 28-6 రికార్డుతో, ఎన్‌సీఏఏ వాడే నెట్ ర్యాంకుల్లో తొలి 30లో ఉన్న ఇండియానా స్టేట్ మిజోరీ వ్యాలీ ఫైనల్లో డ్రేక్ చేతిలో 84-80తో ఓడింది. ఓడాక అది చేయగలిగిందల్లా వారం రోజులు మిగతా టోర్నీలు చూస్తూ ఉండటమే. ఒక్కో అనుకోని విజేత వచ్చినప్పుడల్లా దాని చోటు ఇంకొంచెం జారింది. నా దృష్టిలో అది ఆ ఏడాది కమిటీ చేసిన పొరపాటే. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిన ఒక్క ఫైనల్, ఒక సీజన్ మొత్తాన్ని తూచకూడదు. కానీ నియమాల ప్రకారం అందులో తప్పు లేదు.

చిన్న కాన్ఫరెన్స్‌లకి ఈ భయం ఎక్కువ కాబట్టే అవి టోర్నీని వేరేగా కడతాయి. ఒక్క బెర్త్ మాత్రమే దొరికేచోట తమ అత్యుత్తమ జట్టే వెళ్ళాలని వాటి కోరిక. అందుకే పేట్రియట్ లీగ్, అమెరికా ఈస్ట్ లాంటివి తటస్థ వేదిక బదులు పై సీడు సొంత కోర్టులోనే మ్యాచ్‌లు పెడతాయి. 2025లో వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ మొదటి రెండు సీడ్లని నేరుగా సెమీస్‌లో కూర్చోబెట్టింది. మరో మెలిక కూడా ఉంది: కింది డివిజన్ నుంచి కొత్తగా పైకి వచ్చిన కాలేజీ, మార్పు గడువు పూర్తయ్యేదాకా టోర్నీ గెలిచినా జాతీయ టోర్నీకి అర్హం కాదు. 2022లో ఏసన్ కాన్ఫరెన్స్ టోర్నీ బెల్లార్మిన్ గెలిస్తే బెర్త్ రెగ్యులర్ సీజన్ చాంపియన్ జాక్సన్‌విల్ స్టేట్‌కి వెళ్ళింది. 2023లో నార్త్‌ఈస్ట్ కాన్ఫరెన్స్ ఫైనల్ మెరిమాక్ 67-66తో గెలిచింది, బెర్త్ మాత్రం ఓడిన ఫెయిర్లీ డికిన్సన్‌కి దక్కింది. ఆ జట్టే పది రోజులకి 16వ సీడుగా వెళ్ళి మొదటి సీడు పర్డ్యూని 63-58తో ఓడించింది.

మధ్యలో ఊగిసలాడే జట్ల విషయంలో కమిటీ చూసే కొలత తెలుసుకోండి. విజయాలని నాలుగు క్వాడ్‌లుగా విడదీస్తారు. మొదటి క్వాడ్ అంటే సొంత కోర్టులో నెట్ ర్యాంకు 1-30 జట్టు మీద, తటస్థ వేదికలో 1-50 మీద, ప్రత్యర్థి కోర్టులో 1-75 మీద ఆడిన మ్యాచ్. కాన్ఫరెన్స్ టోర్నీ తటస్థ వేదిక కాబట్టి 40వ ర్యాంకు జట్టు మీద ఇంట్లో గెలిస్తే రెండో క్వాడ్, ఇక్కడ గెలిస్తే మొదటి క్వాడ్. అందుకే గురువారం ఒక్క గెలుపు బరువు మారిపోతుంది. కింది జట్టు చేతిలో బుధవారం ఓడితే ఆ దెబ్బా అంతే గట్టిగా తగులుతుంది. 2025లో నార్త్ కరోలినా మొదటి క్వాడ్‌లో 1-12. సెమీస్‌లో డ్యూక్ మీద 24 పాయింట్ల లోటుని దాదాపు పూడ్చింది. 4.1 సెకన్లున్నప్పుడు సమం చేసే ఫ్రీ త్రో పడినా, సహచరుడు బంతి చేయి వదలకముందే లేన్‌లో (రింగు ముందు గీసిన పెట్టెలో) అడుగుపెట్టడంతో అది చెల్లలేదు. 74-71తో ఓడింది. అయినా కమిటీ దాన్ని చివరి జట్లలో ఒకటిగా తీసుకోవడం, వెస్ట్ వర్జీనియా మిగిలిపోవడం పెద్ద గొడవైంది.

బెర్త్ ఖాయమైన జట్లకి ఈ వారం లాభం తక్కువ, ప్రమాదం ఎక్కువ. 2025 క్వార్టర్స్‌లో జార్జియా టెక్ మీద డ్యూక్ స్టార్ కూపర్ ఫ్లాగ్ చీలమండ మెలిపడింది. కోచ్ అతన్ని మిగతా టోర్నీకి పక్కనపెట్టాడు. అతను లేకుండానే డ్యూక్ ఫైనల్లో లూయివిల్‌ని 73-62తో ఓడించింది, అది దానికి 23వ ఏసీసీ టైటిల్. అతన్ని ఆడించకపోవడం సరైన నిర్ణయం. అప్పటికే డ్యూక్ స్థానం పదిలం. ఏసీసీ ఫైనల్ శనివారం ముగుస్తుంది కాబట్టి కమిటీకి ఒక రాత్రి సమయముంటుంది. బిగ్ టెన్, ఎస్‌ఈసీ ఫైనళ్ళు ఆదివారం మధ్యాహ్నం జరుగుతాయి, అక్కడ ఎవరు గెలిస్తే ఏ బ్రాకెట్ అని కమిటీ ముందే రెండు మూడు రకాలు సిద్ధం చేసుకుంటుంది.

టికెట్ల విషయం. అమ్మేది మ్యాచ్‌కి కాదు, సెషన్‌కి. మధ్యాహ్నం రెండు మ్యాచ్‌లు ఒక టికెట్, రాత్రి రెండు ఇంకొకటి, మధ్యలో హాలు ఖాళీ చేయిస్తారు. మొదటిసారి చూసేవారికి నేను చెప్పేది గురువారం మధ్యాహ్నం సెషన్. పెద్ద జట్టు తొలిసారి దిగుతుంది, కింది జట్టు తాడోపేడో అన్నట్టు ఆడుతుంది, ధర సెమీస్ కంటే తక్కువ. మీ అబ్బాయి జట్టు కోసమే అయితే ముందుగా కొనకండి, సీడు తేలేదాకా ఆగండి. ఏ రోజు, ఏ సెషన్ అన్నది సీడు మీదే ఆధారపడుతుంది. డ్యూక్ గానీ నార్త్ కరోలినా గానీ ఓడిన అరగంటలో వాళ్ళ అభిమానులు మిగిలిన రోజుల టికెట్లు రీసేల్‌లో పెట్టేస్తారు, ధర పడిపోతుంది. ఆ రెండూ సెమీస్‌లో ఎదురుపడితే మాత్రం ధర ఆకాశానికే. షార్లట్‌లో జరిగితే స్పెక్ట్రమ్ సెంటర్ ఊరి నడిబొడ్డున ఉంది, బ్లూ లైన్ రైలు పక్కనే ఆగుతుంది కాబట్టి కారు దూరంగా పెట్టి రైల్లో రావడం మేలు. రాత్రి సెషన్ చూసి రాలీకి కారులో వెనక్కి వెళ్ళాలనుకుంటే రెండున్నర, మూడు గంటల దారి, రాత్రి 9:30 మ్యాచ్ అర్ధరాత్రికి గానీ అవ్వదు. ఆ రాత్రికి అక్కడే ఉండేలా చూసుకోమనండి.

మీరు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చూస్తారేమో కాబట్టి సమయం: మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారం గంట ముందుకి జరుగుతుంది, టోర్నీ ఆ తరవాతే. కాబట్టి తేడా పదిన్నర గంటలు కాదు, తొమ్మిదిన్నర. అక్కడి మధ్యాహ్నం 12 మ్యాచ్ మనకి రాత్రి 9:30కి, రాత్రి 7 సెమీస్ మర్నాడు తెల్లవారుజామున 4:30కి. 2025లో లాగా ఫైనల్ రాత్రి 8:30కి పెడితే మనకి ఆదివారం ఉదయం 6 గంటలు. జాతీయ బ్రాకెట్ ప్రకటన అక్కడ ఆదివారం సాయంత్రం 6కి, మనకి సోమవారం తెల్లవారుజామున 3:30కి.